గిట్‌హబ్ నుంచి కోడ్‌బెర్గ్‌కు: ఇష్యూ నంబర్లు చెడకుండా ప్రాజెక్టును తరలించడం ఎలా

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును ఒక చోటినుంచి మరో చోటికి మార్చడంలో కోడ్‌ది చాలా తేలికైన భాగం. మార్పుల చరిత్ర మొత్తం ప్రతి క్లోన్‌లోనూ (పూర్తి కాపీలోనూ) ఉంటుంది కాబట్టి రెండు మూడు కమాండ్లతో అది కొత్త సర్వర్‌కు చేరిపోతుంది. ఇబ్బంది పెట్టేవన్నీ గిట్‌లో (ఆ చరిత్రను దాచే సాధనంలో) లేనివి: ఇష్యూలు (నమోదైన బగ్గులు, కోరికలు), పుల్ రిక్వెస్టుల (మార్పులను కలపమనే అభ్యర్థనల) కింద సాగిన చర్చలు, రిలీజులకు జతచేసిన ఫైళ్ళు, సీఐ (ఆటోమేటిగ్గా బిల్డు, పరీక్షలు నడిపే వ్యవస్థ) వాడే రహస్య కీలు, ఇప్పటికే జనం కంప్యూటర్లలో ఉన్న పాత వెర్షన్లు వెతుక్కునే చిరునామాలు. గూగుల్ నడిపిన కోడ్ హోస్టింగ్ సైటు గూగుల్ కోడ్ 2015 మార్చిలో మూసివేత ప్రకటించి, ఆగస్టుకల్లా కొత్తగా రాసే వీలు తీసేసి, 2016 జనవరిలో మూతపడింది. ఇలాంటప్పుడు ఎవరో ఒకరి క్లోన్ నుంచి కోడ్ బతుకుతుంది. చర్చలు మాత్రం ఎగుమతి చేసుకున్నవాళ్ళకే మిగులుతాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం గిట్ పుష్ గురించి ఉండదు.

ఇక్కడ తీసుకున్న ఉదాహరణ గిట్‌హబ్ నుంచి కోడ్‌బెర్గ్‌కు మారడం. కోడ్‌బెర్గ్‌ను నడిపేది బెర్లిన్‌లో నమోదైన లాభాపేక్షలేని సంఘం. అందులో నడిచే సాఫ్ట్‌వేర్ పేరు ఫోర్జెజో, 2022లో గిటీ అనే ప్రాజెక్టు నుంచి విడిపోయింది. మీరు సొంత సర్వర్‌లో ఫోర్జెజో పెట్టుకున్నా దాదాపు ఇవే మెట్లు. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాశాం, టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు చూసుకోవాల్సినవి

కోడ్‌బెర్గ్ స్వేచ్ఛా లైసెన్సున్న ప్రాజెక్టుల కోసం. రిపాజిటరీ (ప్రాజెక్టు కోడ్ భాండారం) మూలంలో లైసెన్స్ ఫైలు లేకపోతే ముందు అది పెట్టండి. నిల్వకు పరిమితి ఉంది కాబట్టి పెద్ద బైనరీలు, ఎల్ఎఫ్ఎస్ (పెద్ద ఫైళ్ళను విడిగా దాచే గిట్ పొడిగింపు) ఫైళ్ళు ఎక్కువగా ఉన్నవాళ్ళు తరలింపు రోజున కాకుండా ముందే అడిగి అనుమతి తీసుకోవాలి.

మారాలా వద్దా అన్న చర్చ ఇంకా నడుస్తున్నప్పుడే కొత్త చోట ప్రాజెక్టు పేరుతో ఆర్గనైజేషన్ తెరిచి పేరు పట్టుకోండి. యజమానులుగా కనీసం ఇద్దరుండాలి, ఇద్దరికీ రెండంచెల లాగిన్ ఉండాలి. ఒక్కరి ఖాతా మీదే మొత్తం ఆధారపడితే, ఆ ఒక్కరి ఫోన్ పోయిన రోజున ప్రాజెక్టుకు తాళం పడుతుంది.

తర్వాత పాత రిపాజిటరీ సెట్టింగుల పేజీలన్నీ ఒక్కొక్కటే తెరిచి రాసుకోండి: వెబ్‌హుక్‌లు (ఏదైనా జరిగినప్పుడు వేరే సర్వర్‌కు కబురు పంపేవి), డిప్లాయ్ కీలు (సర్వర్లు రిపాజిటరీని అందుకునే కీలు), బ్రాంచ్ రక్షణ నియమాలు, సీఐ రహస్యాల పేర్లు, ఎవరికి ఏ హక్కు ఉంది. వీటిలో ఏదీ ఇంపోర్టులో రాదు. ముఖ్యంగా రహస్యాల విలువలు గిట్‌హబ్‌లో ఒకసారి పెట్టాక వాటిని సెట్టింగుల పేజీలో తిరిగి చూడలేరు. అసలు కాపీ ఎవరి దగ్గరా లేకపోతే ఆ కీలను కొత్తగా సృష్టించుకోవాలి. యాప్ సంతకానికి వాడే కీ అందులోనే ఉండిపోయి ఉంటే అది మామూలు విషయం కాదు. ఆండ్రాయిడ్ యాప్ కీ పోతే, ఉన్న వినియోగదారులకు పాత యాప్ మీద అప్‌డేట్ ఎక్కదు. ఈ ఒక్క సంగతి తేలేదాకా తేదీ ఖరారు చేయకండి.

వెబ్లేట్‌లో (ఆన్‌లైన్ అనువాద సాధనంలో) అనువాదాలు నడుస్తుంటే దాన్ని కూడా జాబితాలో చేర్చండి. తెలుగు అనువాదకులు చేసిన పని చాలాసార్లు కమిట్ కాకుండా వెబ్లేట్ దగ్గరే ఆగి ఉంటుంది. తరలింపుకు ముందు అక్కడ కాంపొనెంట్‌కు లాక్ వేసి, పెండింగ్ మార్పులు కమిట్ చేసి, పుష్ చేయాలి. ఈ క్రమం తప్పితే పాత చోట పుష్ విఫలమై, కొత్త చోట అవే ఫైళ్ళు మారిపోయి, చివరికి కాన్‌ఫ్లిక్టులు విడదీసే పని అనువాదకుల మీద పడుతుంది.

బ్యాకప్

గిట్ క్లోన్ --మిర్రర్ పాత-చిరునామా ప్రాజెక్ట్.గిట్

ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి:

గిట్ ఎఫ్ఎస్‌సీకే --ఫుల్
గిట్ ఎల్ఎఫ్ఎస్ ఫెచ్ --ఆల్
గిట్ బండిల్ క్రియేట్ ప్రాజెక్ట్.బండిల్ --ఆల్

బండిల్ అంటే చరిత్ర మొత్తం ఒకే ఫైలుగా. దాన్ని వేరే డిస్క్ మీద దాచండి. ఎల్ఎఫ్ఎస్ ఫైళ్ళు బండిల్‌లోకి రావు, ఫోల్డర్‌ను కూడా విడిగా కాపీ తీయాలి. వికీ ఉంటే అది వేరే రిపాజిటరీ. పాత చిరునామా చివర .వికీ.గిట్ అని మార్చి దాన్నీ ఇలాగే క్లోన్ చేసుకోండి.

రిపాజిటరీలో తప్పులు వెతికే ఎఫ్ఎస్‌సీకే ఇచ్చే హెచ్చరికలను పట్టించుకోండి. పదేళ్ళ కిందట ఎస్‌వీఎన్ లాంటి పాత వెర్షన్ వ్యవస్థల నుంచి మార్చిన రిపాజిటరీల్లో తేదీ రూపం తప్పున్న కమిట్లు, ఫైల్ మోడ్ ముందు అదనపు సున్నా ఉన్న ట్రీలు దొరుకుతుంటాయి. కొన్ని సర్వర్లు వీటిని తీసుకోవు. అలాగని చరిత్రను తిరగరాయకండి. ఒక్క పాత కమిట్ మారినా ఆ తర్వాతి హ్యాష్‌లన్నీ (కమిట్ల గుర్తింపు సంఖ్యలన్నీ) మారతాయి, సంతకం చేసిన ట్యాగులు చెల్లవు, ప్రతి ఫోర్క్ (ఇతరుల ఖాతాల్లోని కాపీ) తెగిపోతుంది. కొత్త సర్వర్ నిర్వాహకులతో మాట్లాడి ఆ తనిఖీ సడలించుకోవడమే సరైన దారి.

ఈ దశలోనే, బహిరంగ కోడ్‌ను భద్రపరిచే సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ ఆర్కైవ్‌కు పాత చిరునామా ఇచ్చి ఒక కాపీ తీయించండి. ఖర్చు లేదు, ఖాతా కూడా అక్కర్లేదు.

నంబర్లను ఏం చేయాలో ముందే తేల్చుకోండి

కమిట్ సందేశాల్లో "#412 సరిచేశాం" అని వేలసార్లు రాసి ఉంటుంది. కొత్త చోట 412 అంటే వేరే ఇష్యూ అయితే ఆ చరిత్రంతా తప్పుదారి పట్టిస్తుంది. గిట్‌హబ్‌లో ఇష్యూలకూ పుల్ రిక్వెస్టులకూ కలిపి ఒకే వరుస నంబర్లు. ఫోర్జెజోలోనూ అంతే. కాబట్టి రెండింటినీ కలిపి ఇంపోర్ట్ చేస్తే నంబర్లు యథాతథంగా కూర్చుంటాయి. గిట్‌ల్యాబ్ అనే మరో సైటులో ఇష్యూలది ఒక వరుస, మెర్జ్ రిక్వెస్టులది (పుల్ రిక్వెస్టులకు అక్కడి పేరు) మరో వరుస. అక్కడికి వెళ్ళేవాళ్ళు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

రెండో పద్ధతి కూడా ఉంది. జిగ్ భాష ప్రాజెక్టు 2025 నవంబరులో కోడ్‌బెర్గ్‌కు మారినప్పుడు పాత ఇష్యూలను గిట్‌హబ్‌లోనే ఉంచేసి, కొత్త చోట నంబర్లను 30000 నుంచి మొదలుపెట్టింది. నంబర్ చూడగానే ఏ చోటిదో తెలుస్తుంది. ఇష్యూలు పది వేలు దాటిన ప్రాజెక్టులకు ఇది తెలివైన మార్గం. రెండు మూడు వేల లోపైతే మొత్తం ఇంపోర్ట్ చేసుకోవడమే మేలు, ఎందుకంటే వెతుకులాట ఒకే చోట జరుగుతుంది.

చేయకూడనిది ఒకటే. కొత్త చోట ఖాళీ రిపాజిటరీ తెరిచి, కోడ్ పుష్ చేసి, నాలుగు కొత్త ఇష్యూలు తెరిచాక "పాతవి తర్వాత తెద్దాం" అనుకోవడం. ఫోర్జెజో ఇంపోర్ట్ కొత్త రిపాజిటరీని సృష్టిస్తూనే పని చేస్తుంది, ఉన్నదాంట్లోకి ఇష్యూలను నింపదు. ఒకటో నంబరు ఒకసారి వాడేశాక దాన్ని వెనక్కి తీసుకోలేరు.

రిహార్సల్

గిట్‌హబ్‌లో యాక్సెస్ టోకెన్ ఒకటి తీసుకోండి, గడువు 7 రోజులు చాలు. పబ్లిక్ రిపాజిటరీకైతే చదివే హక్కు మించి ఏమీ అవసరం లేదు. టోకెన్ లేకుండా కూడా ఇంపోర్ట్ మొదలవుతుంది కానీ సాగదు. లాగిన్ లేని అభ్యర్థనలకు గిట్‌హబ్ గంటకు 60 మాత్రమే ఇస్తుంది, టోకెన్ ఉంటే 5000. ఒక్కో పుల్ రిక్వెస్టుకు వ్యాఖ్యలు, రివ్యూలు కలిపి చాలా అభ్యర్థనలు పోతాయి. పెద్ద ప్రాజెక్టుకు 5000 కూడా చాలదు, పరిమితి అయిపోతే గంట తిరిగేదాకా ఇంపోర్ట్ ఆగి మళ్ళీ కదులుతుంది. పేజీ కదలడం లేదని మధ్యలో రద్దు చేయకండి.

కోడ్‌బెర్గ్‌లో పైన ఉన్న ప్లస్ గుర్తు నొక్కి, కొత్త మైగ్రేషన్ ఎంచుకుని, గిట్‌హబ్ మీద నొక్కండి. చిరునామా, టోకెన్ ఇవ్వండి. లేబుళ్ళు, మైల్‌స్టోన్లు, ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు, రిలీజులు, వికీ, ఎల్ఎఫ్ఎస్ గడులన్నింటికీ టిక్ పెట్టండి. "ఈ రిపాజిటరీ మిర్రర్‌గా (మరో చోటిదాన్ని అనుసరించే కాపీగా) ఉంటుంది" అన్న గడికి మాత్రం పెట్టకండి. అది పెడితే ఇష్యూలు రావు. రిహార్సల్‌ను మీ సొంత ఖాతా కింద, ప్రైవేటుగా చేయండి. చూసుకున్నాక తొలగించండి.

వచ్చినదాన్ని ఎలా చూడాలి? పాత చోట బాగా చర్చ జరిగిన పుల్ రిక్వెస్టు ఒకటి, ఫోర్క్ తొలగించినవాళ్ళది ఒకటి, బొమ్మలున్న ఇష్యూ ఒకటి ఎంచుకుని పక్కపక్కన తెరవండి. మూడు విషయాలు కనిపిస్తాయి. వ్యాఖ్యలు రాసినవాళ్ళ పేర్లు అక్షరాలుగానే ఉంటాయి, సాధారణంగా కొత్త ఖాతాలకు అతుక్కోవు. "@పేరు" అని పిలిచిన చోట కొత్త సర్వర్‌లో అదే పేరుతో మరొకరుంటే లింకు వాళ్ళ ప్రొఫైలుకు పోతుంది. ఇష్యూల్లో అతికించిన స్క్రీన్‌షాట్లు గిట్‌హబ్ సర్వర్ మీదే ఉండిపోతాయి, ఇక్కడికి వచ్చింది లింకు మాత్రమే. బగ్‌ను అర్థం చేసుకోవడానికి ఆ బొమ్మలే ఆధారమైన ప్రాజెక్టులు వాటిని విడిగా దించి దాచుకోవాలి. డిస్కషన్లు, ప్రాజెక్ట్ బోర్డులు, నక్షత్రాలు, సీఐ లాగులు అసలే రావు.

అసలు రోజు

వారం ముందే తేదీ చెప్పండి. తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టులను వీలైనన్ని కలిపేయండి లేదా మూసేయండి. ఇంపోర్ట్‌లో వచ్చిన పుల్ రిక్వెస్టుకు దాని రచయిత పాత ఫోర్క్ నుంచి కొత్త కమిట్లు పంపలేరు, కొత్తగా తెరవాల్సిందే. ఎన్ని తక్కువుంటే అంత మందికి శ్రమ తప్పుతుంది.

పాత రిపాజిటరీని ఆర్కైవ్ చేయండి. ఇది తాళం వేయడానికి అన్నిటికంటే సులువైన పద్ధతి. ఇష్యూలు, వ్యాఖ్యలు, పుష్‌లు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి, చదవడం మాత్రం సాగుతుంది, తర్వాత తీసేయవచ్చు కూడా. ఇప్పుడు ఆర్గనైజేషన్ పేరు మీద ఇంపోర్ట్ నడపండి.

రిపాజిటరీ మరీ పెద్దదై ఇంపోర్ట్ కూలిపోతే, లేదా మీరు జిగ్ పద్ధతి ఎంచుకుంటే, కోడ్‌ను చేత్తో పుష్ చేయాలి. ఇక్కడ చాలామంది గిట్ పుష్ --మిర్రర్ కొడతారు. వద్దు. మిర్రర్ క్లోన్‌లో రెఫ్స్/పుల్ కింద ప్రతి పుల్ రిక్వెస్టుకూ ఒక రెఫ్ (కమిట్‌ను చూపే పేరు) ఉంటుంది. ఫోర్జెజో కూడా తన పుల్ రిక్వెస్టులను అదే పేరు కింద పెడుతుంది కాబట్టి రెండూ ఢీకొంటాయి. పైగా మిర్రర్ పుష్, మీ దగ్గర లేని బ్రాంచ్ అవతల ఉంటే దాన్ని చెరిపేస్తుంది. కావాల్సినవే పేరు పెట్టి పంపండి:

గిట్ పుష్ కొత్త-చిరునామా 'రెఫ్స్/హెడ్స్/*:రెఫ్స్/హెడ్స్/*' 'రెఫ్స్/ట్యాగ్స్/*:రెఫ్స్/ట్యాగ్స్/*'
గిట్ ఎల్ఎఫ్ఎస్ పుష్ --ఆల్ కొత్త-చిరునామా

హెచ్‌టీటీపీఎస్ మీద పెద్ద పుష్ మధ్యలో తెగితే ఎస్ఎస్‌హెచ్ చిరునామా వాడండి. మొదటిసారి కలిసినప్పుడు సర్వర్ వేలిముద్ర అడుగుతుంది. 'యెస్' (అవును) అని కొట్టే ముందు దాన్ని కోడ్‌బెర్గ్ ప్రచురించిన వేలిముద్రతో పోల్చండి.

ఇంపోర్ట్ అయినా పుష్ అయినా, సరిచూడడం ఒకటే:

గిట్ ఎల్ఎస్-రిమోట్ --హెడ్స్ --ట్యాగ్స్ పాత-చిరునామా > పాత.టీఎక్స్‌టీ
గిట్ ఎల్ఎస్-రిమోట్ --హెడ్స్ --ట్యాగ్స్ కొత్త-చిరునామా > కొత్త.టీఎక్స్‌టీ
డిఫ్ పాత.టీఎక్స్‌టీ కొత్త.టీఎక్స్‌టీ

డిఫ్ ఏమీ చూపించకపోతే ప్రతి బ్రాంచ్, ప్రతి ట్యాగ్ అదే హ్యాష్‌తో చేరాయని అర్థం. తర్వాత డిఫాల్ట్ బ్రాంచ్ సరిగ్గా ఉందో చూసి, రాసుకున్న జాబితా ప్రకారం బ్రాంచ్ రక్షణ నియమాలు పెట్టండి. ఎవరైనా పొరపాటున ఫోర్స్ పుష్ చేయడానికి ఎక్కువ అవకాశం ఉన్నది ఈ మొదటి కొన్ని గంటల్లోనే.

ఫైళ్ళకు తెలుగు పేర్లున్న ప్రాజెక్టుల్లో గిట్ ఆ పేర్లను \340\260 లాంటి అంకెలుగా చూపిస్తుంది. పాడైపోలేదు, కంగారు పడకండి. గిట్ కాన్ఫిగ్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్ అని పెడితే మామూలుగా కనిపిస్తాయి. అసలు చిక్కు ఐత్వంతో వస్తుంది. యూనికోడ్‌లో 'ై' ఒకే గుర్తుగానూ ఉండవచ్చు, రెండు గుర్తులుగా విడిపోయీ ఉండవచ్చు. మ్యాక్ మీద చేర్చిన ఫైలు పేరు విడిపోయిన రూపంలో ఉంటే, చూపుకు ఒకేలా ఉన్న రెండు ఫైళ్ళు ఒకే ఫోల్డర్‌లో తేలతాయి. కొత్త చోట మొదటి రోజే సరిచేసేయండి.

సీఐ

సీఐ పనులు రాసిన ఫైళ్ళ (వర్క్‌ఫ్లోల) కోసం ఫోర్జెజో .ఫోర్జెజో/వర్క్‌ఫ్లోస్ ఫోల్డర్‌ను చూస్తుంది, అది లేకపోతే .గిట్‌హబ్/వర్క్‌ఫ్లోస్‌ను చదువుతుంది. పాత ఫైళ్ళే నడిచిపోతాయని దీన్నిబట్టి అనుకోవద్దు. రాత పద్ధతి దగ్గరిదే కానీ పూర్తిగా ఒకటి కాదు. కొత్త ఫోల్డర్ చేసి, ఒక్కో వర్క్‌ఫ్లోను పరీక్షిస్తూ తీసుకురండి.

ఎక్కువగా తగిలేవి మూడు. రన్స్-ఆన్ దగ్గర ఉబుంటు-లేటెస్ట్ అని ఉండి, ఆ లేబుల్ ఉన్న రన్నర్ (సీఐ పనులను నడిపే యంత్రం) ఒక్కటీ లేకపోతే జాబ్ ఎర్రర్ ఇవ్వకుండా వెయిటింగ్‌లోనే ఉండిపోతుంది. సెట్టింగుల్లో రన్నర్ల పేజీ తెరిచి ఏ లేబుళ్ళున్నాయో చూసి అదే రాయండి. రెండోది, చెకౌట్ లాంటి యాక్షన్లు నోడ్‌జేఎస్‌లో నడుస్తాయి. మీ కంటైనర్ ఇమేజ్‌లో నోడ్ లేకపోతే మొదటి మెట్టులోనే "నోడ్ కనబడలేదు" అని ఆగుతుంది. మూడోది, యూజెస్ దగ్గర పొట్టి పేరు రాస్తే ఫోర్జెజో దాన్ని గిట్‌హబ్‌లో కాకుండా తన సొంత జాబితాలో వెతుకుతుంది. అక్కడ లేని యాక్షన్‌కు పూర్తి చిరునామా రాయాలి. కోడ్‌బెర్గ్ ఇచ్చే రన్నర్లు అందరూ పంచుకునేవి. నాలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద గంటల కొద్దీ నడిచే టెస్టులుంటే సొంత రన్నర్ పెట్టుకోవడం న్యాయం. లేదా ఊడ్‌పెకర్ అనే మరో సీఐకి అనుమతి అడగవచ్చు.

పైపీఐకి (పైథాన్ ప్యాకేజీల భాండారానికి) ట్రస్టెడ్ పబ్లిషింగ్‌తో, అంటే టోకెన్ దాచుకోకుండా సీఐ నుంచి నేరుగా, ప్యాకేజీ పంపుతుంటే ఆ నమ్మకం పాత రిపాజిటరీ పేరుకు కట్టి ఉంటుంది. కొత్త సర్వీసు పైపీఐ జాబితాలో లేకపోతే ఏపీఐ టోకెన్‌కు మారండి, పాత పబ్లిషర్‌ను తీసేయండి.

పాత చిరునామా ఎక్కడెక్కడ పాతుకుపోయిందో

గిట్ గ్రెప్‌తో పాత చిరునామా వెతకండి. రీడ్‌మీ, బ్యాడ్జీలు, ప్యాకేజ్ ఫైళ్ళలోని రిపాజిటరీ గడి, డాక్యుమెంటేషన్‌లో "ఈ పేజీ సవరించండి" లింకు, ఇన్‌స్టాల్ స్క్రిప్టు దించుకునే చోటు. ఇవన్నీ కళ్ళకు కనిపించేవి, ఒక సాయంత్రంలో అయిపోతాయి. కనిపించనివి మరికొన్ని ఉన్నాయి.

సబ్‌మాడ్యూళ్ళు (రిపాజిటరీ లోపల పెట్టుకున్న వేరే రిపాజిటరీలు): .గిట్‌మాడ్యూల్స్‌లో చిరునామా మార్చి గిట్ సబ్‌మాడ్యూల్ సింక్ కొడితే ఇప్పటి బ్రాంచ్‌కు సరిపోతుంది. మూడేళ్ళ కిందటి ట్యాగ్‌ను చెకౌట్ చేస్తే అందులో పాత చిరునామానే ఉంటుంది. అలాంటప్పుడు గిట్ కాన్ఫిగ్‌లో ఇన్‌స్టెడ్‌ఆఫ్ నియమం పెట్టుకోవాలి: పాత ఉపసర్గ కనబడితే కొత్తది వాడమని.

గో భాషలో రాసిన మాడ్యూళ్ళు: మాడ్యూల్ పేరే హోస్ట్ చిరునామా. పేరు మార్చితే ప్రతి ఇంపోర్ట్ వరుసా మారాలి, మీ మీద ఆధారపడినవాళ్ళ కోడ్ కూడా. పాత చోట గో.మాడ్‌లో డెప్రికేటెడ్ వ్యాఖ్యతో చివరి వెర్షన్ ఒకటి ట్యాగ్ చేయండి. మారేదేదో మారుతున్నారు కాబట్టి ఈసారి సొంత డొమైన్ మీద మాడ్యూల్ పేరు పెట్టుకోండి. మళ్ళీ హోస్ట్ మారినా పేరు మారదు.

ఆటోమేటిగ్గా తయారయ్యే సోర్స్ టార్‌బాల్‌లు (కుదించిన కోడ్ మూటలు): లినక్స్ డిస్ట్రోలకు ప్యాకేజీలు చేసేవాళ్ళు వాటి చెక్‌సమ్ (ఫైలు మారలేదని పోల్చే సంఖ్య) రాసుకుని ఉంటారు. కోడ్ అదే అయినా కంప్రెషన్ తీరు, లోపలి ఫోల్డర్ పేరు వేరైతే చెక్‌సమ్ కలవదు. 2023 జనవరిలో గిట్‌హబ్ కంప్రెషన్ పద్ధతి మార్చగానే ఎన్నో బిల్డులు ఒక్కసారిగా ఆగి, ఆ మార్పును వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇకనుంచి టార్‌బాల్‌ను మీరే తయారుచేసి, సంతకం చేసి, రిలీజుకు జతచేయండి.

అన్నిటికంటే లోతుగా ఉండేది యాప్ లోపలి అప్‌డేట్ తనిఖీ. గిట్‌హబ్ ఏపీఐని అడిగి "కొత్త వెర్షన్ ఉందా" అని చూసే కోడ్ ఇప్పటికే జనం దగ్గరుంది. వాళ్ళకు ఎప్పటికీ "మీది తాజా వెర్షన్" అనే జవాబే వస్తుంది, భద్రతా లోపం బయటపడ్డా సరే. అందుకే ఆర్కైవ్‌కు ముందు, అదే పాత చోట, తనిఖీ చిరునామా మార్చిన వెర్షన్ ఒకటి విడుదల చేయండి. కొన్ని వారాలు దాన్ని జనంలోకి పోనివ్వండి. ఎఫ్-డ్రాయిడ్‌లో (స్వేచ్ఛా ఆండ్రాయిడ్ యాప్‌ల స్టోరులో) ఉంటే అక్కడి మెటాడేటాలో చిరునామా మార్చే మెర్జ్ రిక్వెస్ట్ కూడా మీరే పంపాలి.

పాత ఇంటి దగ్గర

రిపాజిటరీని తొలగించకండి. ఆ పేరును మరొకరు తీసుకుని హానికరమైన కోడ్ పెట్టే దారి తెరుచుకుంటుంది, స్క్రీన్‌షాట్ల లింకులు కూడా ప్రమాదంలో పడతాయి. గిట్‌హబ్ బయటి చిరునామాకు దారి మళ్ళించదు కాబట్టి బోర్డు మీరే పెట్టాలి.

ఆ నోటీసును మెయిన్ బ్రాంచ్‌లో కమిట్ చేస్తే ఒక చిక్కు. పాత చోట మెయిన్‌కు ఒక కమిట్ ఎక్కువవుతుంది, దాన్ని పుల్ చేసుకున్నవాళ్ళు కొత్త చోటికి మారగానే రెండు చరిత్రలు విడిపోయాయని గిట్ ఆగుతుంది. ఆర్కైవ్ తీసి, రీడ్‌మీ ఒక్కటే ఉన్న అనాథ బ్రాంచ్ (పాత చరిత్రతో సంబంధం లేనిది) చేసి దాన్ని డిఫాల్ట్‌గా పెట్టి, మళ్ళీ ఆర్కైవ్ చేయండి. మెయిన్ చెక్కుచెదరదు. బ్రాంచ్ పేరు చెప్పకుండా పాత చిరునామా నుంచి ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టులు వెంటనే విరుగుతాయి. పాతబడిన కోడ్‌ను ఏళ్ళ తరబడి మౌనంగా వాడుతూ పోవడం కంటే అదే నయం. సహకరించేవాళ్ళకు ఆ రీడ్‌మీలో ఒక్క వరుస చాలు:

గిట్ రిమోట్ సెట్-యూఆర్ఎల్ ఆరిజిన్ కొత్త-చిరునామా

ఆర్కైవ్ బదులు పాత చోటును మిర్రర్‌గా నడపాలనుకుంటే ఫోర్జెజో సెట్టింగుల్లో పుష్ మిర్రర్ పెట్టుకోవచ్చు. రెండూ కలిపి కుదరదు, ఆర్కైవ్ అయిన రిపాజిటరీ పుష్‌ను తీసుకోదు. మిర్రర్ టోకెన్‌కు కోడ్ రాసే హక్కుతోపాటు వర్క్‌ఫ్లో హక్కు కూడా ఇవ్వండి, లేకపోతే .గిట్‌హబ్/వర్క్‌ఫ్లోస్‌లో ఫైలు మారిన రోజున పుష్ తిరస్కరణకు గురై మిర్రర్ ఆగిపోతుంది. గిట్‌హబ్ వైపు యాక్షన్లను పూర్తిగా ఆపేయండి. ఆపకపోతే ట్యాగ్ వేసిన ప్రతిసారీ రెండు చోట్ల నుంచి రిలీజు బయటికి పోతుంది.

ఇవన్నీ అయ్యాక గిట్‌హబ్‌లో ఇంపోర్ట్ కోసం తీసుకున్న టోకెన్‌ను, పాత వెబ్‌హుక్‌లను, డిప్లాయ్ కీలను తొలగించండి. పాత సీఐలో వాడిన రహస్యాలన్నింటినీ రద్దు చేసి కొత్తవి తీసుకోండి.